మంచు బండ్ల కంపెనీల పేటెంట్ గొడవలు: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో పేటెంట్ సెర్చ్ పని చేస్తాను. ఎవరైనా "ఈ పేటెంట్ మాది, మీరు మాకు డబ్బు కట్టాలి" అని కేసు వేస్తే, అదే సంగతి అంతకుముందే ఎవరైనా రాశారా, చేశారా, అమ్మారా అని అవతలి లాయర్ల కోసం పాత కాగితాలు తిరగేయడం మా పని. అలా దొరికిన పాత ఆధారాన్ని ప్రయర్ ఆర్ట్ అంటాం. ఈ పన్నెండేళ్లలో నా చేతిలోంచి వెళ్లిన ఫైళ్లలో ఎక్కువ భాగం బండ్లవే, వాటిలో స్నోమొబైళ్లు చాలానే ఉన్నాయి. గుల్మార్గ్ వెళ్లినవాళ్లు ఎక్కే ఉంటారు: ముందు రెండు స్కీలు, వెనక గిర్రున తిరిగే రబ్బరు ట్రాక్, మధ్యలో ఇంజిన్, స్కూటర్ లాంటి హ్యాండిల్.

ఆ రంగం చాలా చిన్నది. కొన్ని దశాబ్దాలుగా లెక్కలో ఉన్నవి నాలుగే పేర్లు: స్కీ-డూ తయారుచేసే కెనడా కంపెనీ బీఆర్‌పీ, అమెరికాలో పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్, జపాన్ నుంచి యమహా. 2025 మోడళ్లతో ఈ వ్యాపారం మానేస్తున్నట్టు యమహా 2023లోనే చెప్పింది. ఇంత చిన్న రంగం కాబట్టి ఎవరు ఎవరి మీద ఎందుకు కేసు వేశారో, చివరికి ఏమైందో మొదటి నుంచి చివరి దాకా చూడొచ్చు. పేటెంట్ల గురించి మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు నాకు ఆ కేసుల్లోనే దొరికాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ముందు కనిపెట్టినవాడిదే ఆ వస్తువు మొత్తం.

స్నోమొబైల్ ఎవరు కనిపెట్టారని అడిగితే చాలామంది చెప్పే పేరు జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్. క్యూబెక్‌లోని వాల్కోర్ ఆయన ఊరు. 1934 చలికాలంలో ఆయన కొడుక్కి అపెండిక్స్ పగిలి ప్రాణం మీదికి వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోవడంతో ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారు, పిల్లాడు చనిపోయాడు. ఆ తర్వాత ఆయన మంచు మీద జారకుండా లాగే చక్రం, ట్రాక్ ఏర్పాటు మీద పనిచేసి 1937లో కెనడా పేటెంట్ తెచ్చుకున్నారు. ఎన్నిసార్లు చదివినా నన్ను కదిలించే కథ అది.

కానీ అంతకు పదేళ్ల ముందే, 1927లో, విస్కాన్సిన్‌లోని సేనర్ అనే చిన్న ఊళ్లో కార్ల్ ఎలియాసన్ అనే ఆయనకు మోటారు టొబాగన్ (మంచు మీద జారే చెక్క బల్లకు మోటారు పెట్టిన బండి) మీద అమెరికా పేటెంట్ వచ్చింది. కాలు సరిగా లేక స్నేహితులతో సమానంగా మంచులో నడవలేకపోయిన ఆయన, పడవలకు పెట్టే చిన్న మోటారు తెచ్చి 1924లో ఆ బండి కట్టుకున్నారు. మరి బొంబార్డియర్‌కి 1937లో పేటెంట్ ఎలా వచ్చింది?

ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజు గుర్తు తెచ్చుకోండి. అందులో చెక్కుబంది ఉంటుంది కదా: తూర్పున ఫలానావారి పొలం, పడమర డొంక, ఉత్తరాన కాలవ, దక్షిణాన గట్టు. మీరు కొన్నది ఆ నాలుగు హద్దుల మధ్య ఉన్న నేల మాత్రమే, ఊరు మొత్తం కాదు. పేటెంట్ చివర క్లెయిమ్‌లని నంబర్లు వేసి రాసే వాక్యాలు అచ్చం ఆ చెక్కుబంది లాంటివే. ముందున్న యాభై పేజీల వివరణ, బొమ్మలు, పొగడ్తలు అన్నీ హద్దులు అర్థం కావడానికే. ఎలియాసన్ హద్దులు వేరు, బొంబార్డియర్ హద్దులు వేరు. "మంచు మీద నడిచే మోటారు బండి" అనే ఊరంతా ఎవరి పేరు మీదా లేదు. నా దగ్గరికి ఎవరు పేటెంట్ తెచ్చినా నేను ముందు చివరి పేజీలు తిప్పుతాను, మీరూ అదే చేయండి.

అపోహ: పేటెంట్ ఉంటే ఇక పోటీయే ఉండదు.

బొంబార్డియర్‌కి బతికున్నంత కాలంలో సుమారు 40 పేటెంట్లు వచ్చాయి. 1959లో ఆయన స్కీ-డూ మార్కెట్లోకి తెచ్చారు. అయినా అంతకు కొన్నేళ్ల ముందే మిన్నెసోటాలోని రోసోలో ఎడ్గర్ హెటీన్, ఆయన తమ్ముడు ఆలన్, స్నేహితుడు డేవిడ్ జాన్సన్ తమ వర్క్‌షాపులో సొంత బండి తయారుచేశారు, అదే పొలారిస్. ఎడ్గర్ 1960లో అలాస్కా మంచులో వెయ్యి మైళ్లకు పైగా ఈ బండ్ల మీద ప్రయాణం చేసి వచ్చారు, తర్వాత భాగస్వాములతో పొసగక బయటికొచ్చి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఇంకో కంపెనీ పెట్టారు. అది ఆర్కిటిక్ క్యాట్. ఒకే మనిషి చేతుల మీదుగా పుట్టిన రెండు కంపెనీలు ఆ తర్వాత అరవై ఏళ్లు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి.

1970 ప్రాంతానికి ఉత్తర అమెరికాలో వందకు పైగా కంపెనీలు స్నోమొబైళ్లు చేసేవి. 1971లో దాదాపు 5 లక్షల బండ్లు అమ్ముడుపోయాయి. తర్వాత ఆ కంపెనీల్లో చాలా భాగం మూతపడ్డాయి, దానికి పేటెంట్ కేసులకంటే చమురు సంక్షోభం, మంచు తక్కువ పడిన చలికాలాలు, అవసరానికి మించి తయారైన సరుకు ఎక్కువ కారణం. ఆర్కిటిక్ క్యాట్ కూడా 1980ల మొదట్లో దివాలా తీసి, మళ్లీ లేచి నిలబడింది.

అపోహ: గొప్ప ఆలోచనకు గట్టి పేటెంట్ వస్తుంది.

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఈ రంగంలో నాకు అన్నిటికంటే పెద్ద పాఠం నేర్పిన కేసు ఇదే కాబట్టి.

2003 మోడల్‌గా స్కీ-డూ రెవ్ అనే బండి వచ్చింది. అప్పటిదాకా నడిపేవాళ్లు వెనక్కి కూర్చుని కాళ్లు ముందుకు చాపేవాళ్లు. రెవ్‌లో మనిషిని బాగా ముందుకు, బండి బరువు మధ్యకు దగ్గరగా జరిపారు, మోకాళ్లు వంగి పాదాలు కిందికి వచ్చాయి, గతుకులు వస్తే మోటోక్రాస్ బైక్ మీద లాగా లేచి నిలబడొచ్చు. తర్వాతి కాలంలో అందరి బండ్లూ అటే జరిగాయి. అంత పెద్ద మార్పు అది.

బీఆర్‌పీ ఆర్కిటిక్ క్యాట్ మీద కెనడాలో నాలుగు పేటెంట్లతో కేసు వేసింది. మూడు ఈ కూర్చునే తీరు మీద, నాలుగోది చాసిస్ మీద. ఇంజిన్ పైన గొట్టాలు వచ్చి పిరమిడ్ ఆకారంలో కలిసే ఫ్రేమ్ అది. 2017లో ఫెడరల్ కోర్టు కూర్చునే తీరు మీదున్న మూడు పేటెంట్లూ చెల్లవని తేల్చింది. కారణం ఆలోచన పాతదని కాదు. మనిషి ఎక్కడ ఉండాలో చెప్పారు గానీ, ఆ రంగంలో పనిచేసే ఇంజినీరు దాన్ని చదివి బండి కట్టుకోవడానికి సరిపడా వివరం ఇవ్వలేదని. 2018లో అప్పీల్ కోర్టూ ఆ మాటే ఖాయం చేసింది.

చిత్రం ఏమిటంటే, బయట ఎవరూ పెద్దగా మాట్లాడని ఆ నాలుగో పేటెంటే నిలబడింది. కింది కోర్టు దాన్ని ఆర్కిటిక్ క్యాట్ అతిక్రమించలేదంది, అప్పీల్ కోర్టు అతిక్రమించిందని తిరగరాసింది. వాదన చాలావరకు తిరిగింది "ఇంజిన్ క్రేడిల్" అనే ఒక్క మాట చుట్టూ. ఇంజిన్ కూర్చునే ఊయల లాంటి భాగం అది, ఎలా ఉంటే దాన్ని క్రేడిల్ అనాలి అన్నదే ప్రశ్న. 2020లో కోర్టు ఒక్కో బండికి 135 కెనడా డాలర్ల చొప్పున రాయల్టీ కట్టమంది. బండి రూపాన్నే మార్చేసిన ఆలోచనకు ఏమీ రాలేదు, డబ్బు తెచ్చింది గొట్టాల ఫ్రేమ్.

మా టీములో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ కేసే. మన ఇంజినీర్లు పేటెంట్ డ్రాఫ్టు రాసేటప్పుడు "ఏం వస్తుంది" అన్నది పేజీలకు పేజీలు రాసి, "ఎలా వస్తుంది" అన్నది రెండు పేరాల్లో ముగిస్తారు. కొలతలు, పదార్థం, ఏ భాగం ఏ భాగానికి ఎలా బిగించాలి, ఇవన్నీ రాయాలి. దాచుకోవాలనుకుంటే పేటెంట్ దరఖాస్తే పెట్టకూడదు.

అపోహ: జ్యూరీ తీర్పు వచ్చిందంటే డబ్బు చేతికి వచ్చినట్టే.

ఇవే రెండు కంపెనీలు, ఈసారి ఆర్కిటిక్ క్యాట్ కేసు వేసింది, అదీ నీళ్ల మీద నడిచే స్కూటర్ల గురించి. వాటిలో హ్యాండిల్ తిప్పితే వెనక నుంచి చిమ్మే నీళ్ల దిశ మారి బండి తిరుగుతుంది. ఎదురుగా ఏదైనా కనబడితే మనిషి భయపడి థ్రాటిల్ వదిలేస్తాడు, నీళ్లు చిమ్మడం తగ్గిపోతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది. అలాంటి సమయంలో కాస్త థ్రస్ట్ ఇచ్చి, అంటే నీళ్లు మళ్లీ కాస్త చిమ్మేలా చేసి, బండి తిరిగేలా చేసే పద్ధతి మీద ఆర్కిటిక్ క్యాట్‌కి పేటెంట్లు ఉన్నాయి.

2016లో ఫ్లోరిడాలో జ్యూరీ బీఆర్‌పీ తెలిసే అతిక్రమించిందని చెప్పి, ఒక్కో బండికి 102.54 డాలర్ల రాయల్టీ లెక్క కట్టింది. జడ్జి దాన్ని మూడింతలు చేశారు, మొత్తం 46.7 మిలియన్ డాలర్లు అయింది. వార్తలన్నీ అక్కడితో ఆగిపోయాయి, కేసు ఆగలేదు.

ఆర్కిటిక్ క్యాట్ అంతకుముందే ఈ పేటెంట్లకు హోండాకు లైసెన్సు ఇచ్చి ఉంది. అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ ఉన్న వస్తువు అమ్మేటప్పుడు దాని మీద పేటెంట్ నంబరు వేయాలి, లేకపోతే నోటీసు ఇచ్చేదాకా జరిగిన అమ్మకాలకు నష్టపరిహారం అడగలేరు. లైసెన్సు తీసుకున్నవాళ్లు అమ్మే బండ్లకూ ఇదే వర్తిస్తుంది. హోండాతో చేసుకున్న ఒప్పందంలో నంబరు వేయనక్కర్లేదని రాసుకున్నారు. 2017లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు అతిక్రమణ తీర్పును ఉంచి, నష్టపరిహారం సంగతి మళ్లీ తేల్చమని కింది కోర్టుకు పంపింది. 2020లో చివరి మాట చెప్పింది: కేసు వేయకముందు అమ్మిన బండ్లకు ఏమీ రాదు.

ఆర్కిటిక్ క్యాట్ రెండు వాదనలు చేసింది. హోండా తర్వాత ఆ బండ్లు అమ్మడం ఆపేసింది కదా అని ఒకటి. బీఆర్‌పీకి ఈ పేటెంట్ల సంగతి ముందే తెలుసు కదా, జ్యూరీ కూడా తెలిసే చేశారంది కదా అని రెండోది. రెండూ నిలవలేదు. అవతలివాడికి తెలిసినంత మాత్రాన సరిపోదని, నోటీసు పేటెంట్ సొంతదారు వైపు నుంచే వెళ్లాలని కోర్టు చెప్పింది. ప్రాణాలు కాపాడే ఇంత మంచి ఇంజినీరింగ్ పనికి ఫలితం ఒక స్టిక్కర్ లేక చేజారిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు ఎవరికైనా లైసెన్సు ఇస్తుంటే ఆ ఒక్క నిబంధన రెండుసార్లు చదవండి.

అపోహ: కంపెనీల గొడవలన్నీ పేటెంట్ గొడవలే.

కాదు. కొలరాడోలోని ఇంజెక్షన్ రీసెర్చ్ స్పెషలిస్ట్స్ అనే చిన్న కంపెనీ ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ విషయంలో పొలారిస్ మీద వేసిన కేసు వ్యాపార రహస్యాలకు సంబంధించింది. 1996లో జ్యూరీ పొలారిస్ మీద 34 మిలియన్ డాలర్లు వేసింది, 1998లో అప్పీల్‌లోనూ పొలారిస్ ఓడిపోయింది. నమ్మి చూపించిన డ్రాయింగుకు, సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందానికి కూడా అంత విలువ ఉంటుంది.

అపోహ: పోటీ కంపెనీలంటే బద్ధ శత్రువులు.

2013లో యమహా, ఆర్కిటిక్ క్యాట్ ఒప్పందం చేసుకున్నాయి: ఇంజిన్లు యమహావి, బండ్లు ఆర్కిటిక్ క్యాట్‌వి. మార్కెట్లో మాత్రం ఇద్దరూ ఒకే కొనుగోలుదారుడి కోసం పోటీపడ్డారు.

అపోహ: కోర్టు ఆపితే ఆ బండి పని అయిపోయినట్టే.

దీనికి మన దేశం ఉదాహరణే చెబుతాను. రెండు స్పార్క్ ప్లగ్‌ల ఇంజిన్ విషయంలో బజాజ్, టీవీఎస్ మద్రాసు హైకోర్టులో తలపడ్డాయి. 2008 ఫిబ్రవరిలో కోర్టు టీవీఎస్ ఫ్లేమ్‌ను ఆపితే, వాళ్లు ఒక్క స్పార్క్ ప్లగ్‌తో అదే బండి తెచ్చారు. 2009 మే నెలలో అప్పీల్ బెంచ్ ఆ ఆర్డరు ఎత్తేసింది. హద్దు ఎక్కడుందో తెలిస్తే పక్కనుంచి దారి వేసుకోవచ్చు. దీన్ని మేం డిజైన్ అరౌండ్ అంటాం, ఇది దొంగతనం కాదు, పేటెంట్లు ప్రచురించడంలో ఉన్న ఉద్దేశాల్లో ఇదీ ఒకటి.

అపోహ: "పేటెంట్ పబ్లిష్ అయింది" అంటే పేటెంట్ వచ్చింది.

మన ఇంజినీరింగ్ కాలేజీల ఫ్లెక్సీల మీద ఇది తరచూ చూస్తుంటాను. ప్రచురణ అంటే దరఖాస్తు అందరికీ కనబడేలా పెట్టారని మాత్రమే. మామూలుగా 18 నెలలకు అవుతుంది, ఫారం 9 పెట్టి ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది. దాన్ని పరీక్షించి, అభ్యంతరాలు తేల్చి, హద్దులు ఒప్పుకుని ఇచ్చేది గ్రాంట్. అది రావడానికి ఏళ్లు పడుతుంది, చాలావాటికి రాదు కూడా. పిల్లలకు ఈ తేడా చెప్పకుండా సర్టిఫికెట్లు పంచడం అన్యాయం అని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ముందు అందరికీ చూపించి, నచ్చితే పేటెంట్ వేసుకోవచ్చు.

రెవ్ మార్కెట్లోకి వచ్చేముందు దాని నమూనాను బీఆర్‌పీ రేసుల్లో, జనం ముందే పరుగెత్తించింది. ఆ ధైర్యం ఎక్కడిదంటే, ఆ పేటెంట్ల దరఖాస్తులు 1990ల చివర్లోనే మొదలయ్యాయి.

మూడేళ్ల కిందట తెనాలి వైపు నుంచి ఒక రైతు నాకు ఫోన్ చేశారు. పసుపు తవ్వే పనిముట్టు ఒకటి తయారుచేశారు, ట్రాక్టరు వెనక తగిలించేది, నిజంగా మంచి పని. "అమ్మా, దీనికి పేటెంటు వస్తుందా చూడండి" అన్నారు. వెతుకుతుంటే ఆయన పనిముట్టుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రయర్ ఆర్ట్ దొరికింది: ఆయన కొడుకు పెట్టిన యూట్యూబ్ వీడియో. దరఖాస్తుకు పదకొండు వారాల ముందు పెట్టింది, బ్లేడు కోణం దగ్గర్నుంచి అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టినదానికి ఏడాది గడువు ఉంది. మన దేశంలో కొన్ని ప్రత్యేక సందర్భాలకు తప్ప అలాంటి వెసులుబాటు లేదు, ఆయనది ఆ సందర్భాల్లోకి రాదు. దరఖాస్తు రాసిపెట్టిన ఏజెంటు అంతకుముందు ఎక్కడైనా చూపించారా అని ఒక్కసారైనా అడగలేదట.

వీడియో తీసేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. పోయిన నెల మళ్లీ ఫోన్ చేశారు. దుంప తెగకుండా మట్టి దులిపే భాగం ఒకటి కొత్తగా చేర్చారట. డ్రాయింగులు పంపారు, ఇప్పుడు వాటి మీదే పనిచేస్తున్నాను. ఈసారి దరఖాస్తు నంబరు వచ్చేదాకా ఫోన్ బయటికి తీయొద్దని కొడుక్కి చెప్పారట.