ఇంట్లో చేసుకునే పాతకాలపు చెక్క బోర్డులు: అపోహలు, వాస్తవాలు

ఎనిమిదేళ్ళుగా మా ఇంటి వెనక వరండాలో చెక్క బోర్డులు రాస్తున్నాను. మాది రాజమండ్రి. ఒక రంపం, చిత్రిక, రెండు ఉలులు, నాలుగైదు కుంచెలు, కాళ్ళు కదిలే పాత బల్ల. నా సరంజామా ఇంతే. నేర్చుకుంటామని వచ్చేవాళ్ళు చాలామంది అప్పటికే డబ్బు తగలేసుకుని వస్తారు. టేకు పలక కొంటారు, ఆన్‌లైన్‌లో ఖరీదైన పెయింటు తెప్పిస్తారు, ఎవరో చెప్పారని అక్షరాలు కోసే మిషన్ కూడా కొంటారు. తీరా అక్షరాలు రాసే దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. ఆ బోర్డు మంచం కిందకు వెళ్ళిపోతుంది. పాతకాలపు బోర్డుకు ఆ అందం తెచ్చేది అక్షరమే. అక్కడ పెట్టాల్సిన ఓపిక, డబ్బు వేరే చోట ఖర్చయిపోతున్నాయి. అందుకే నన్ను తరచుగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: టేకు లేకపోతే బోర్డు నిలవదు

వానా ఎండా తగిలే గేటుకైతే టేకు మంచిదే, కాదనను. హాల్లో గోడకు తగిలించే బోర్డుకు టేకు ఎందుకు? మిషన్లు, పెద్ద సామాన్లు వచ్చే ప్యాకింగ్ పెట్టెల చెక్క చాలు. అది ఎక్కువగా పైన్. గోడౌన్ల దగ్గర అడిగితే తక్కువకే ఇస్తారు, ఒక్కోసారి ఊరికే పట్టుకుపొమ్మంటారు. విదేశాల నుంచి వచ్చిన పెట్టె మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. దాని పక్కన ‘హెచ్‌టీ’ అని ఉంటే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం. అది తెచ్చుకోండి. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. అది వద్దు. నూనె మరకలు, మందు వాసన ఉన్నవీ వద్దు.

సా మిల్లులో, కట్టెల అడితిలో మామిడి, వేప ముక్కలు కూడా చవకగా దొరుకుతాయి. మామిడికి పుచ్చు తొందరగా పడుతుంది. సూది మొనంత చిల్లులు కనిపించి, తట్టగానే మైదాపిండిలాంటి పొడి రాలితే ఆ ముక్కను ఇంటి గడప దాటనివ్వకండి. పక్కనున్న కుర్చీలకూ ఎక్కుతుంది.

చెక్క ఏదన్నది ఒక ఎత్తు, ఎండిందా లేదా అన్నది ఒక ఎత్తు. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి బరువు రాసుకోండి, అది ఇక తగ్గకుండా ఒకే చోట ఆగిపోయిన తర్వాత పని మొదలుపెట్టండి. నా మొదటి పెద్ద బోర్డు నేను ఇలా చూసుకోలేదు. పైగా ముందు వైపు మాత్రమే రంగు వేసి, ఎవరికీ కనపడదు కదా అని వెనక వైపు వదిలేశాను. శ్రావణం వచ్చేసరికి అది అప్పడంలా వంగిపోయింది. రంగు లేని వైపు గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, రంగున్న వైపు అంతగా ఉబ్బదు. ఇంకేముంది, వంకర. అప్పటి నుంచి ముందు ఎన్ని కోట్లు వేస్తే వెనకా అన్నే వేస్తున్నాను.

రెండు మూడు పలకలు పక్కపక్కన చేర్చి వెనక అడ్డపట్టీ కొట్టేటప్పుడు కూడా ఇదే సంగతి. చెక్క నిలువు పొడుగున పెద్దగా మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పట్టీకి గమ్ము పూసి బిగించేస్తే పలక పగులుతుంది. పట్టీలో స్క్రూ చిల్లు కాస్త కోలగా తొలిచి, గమ్ము లేకుండా స్క్రూతో పట్టిస్తే పలకకు కదిలే చోటు ఉంటుంది.

అపోహ: పాత తలుపు దొరికితే రుద్దేస్తే చాలు, అసలైన వింటేజ్ వచ్చేస్తుంది

ఈ ఒక్కటి మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. పాత ఇళ్ళు పడగొట్టే చోట తలుపు చెక్కలు, కిటికీ రెక్కలు దొరుకుతాయి. పొరలు పొరలుగా ఆకుపచ్చ, నీలం రంగులు లేచి ఎంతో అందంగా ఉంటాయి. వాటిని ఇంట్లో కూర్చుని ఉప్పు కాగితంతో పొడిగా రుద్దడం నేను చాలామంది వీడియోల్లో చూస్తున్నాను. పక్కనే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు దాటనివ్వకూడదన్న నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగుకు ఏ భరోసా లేదు. రుద్దినప్పుడు లేచే పొడి ఊపిరితో, చేతులతో లోపలికి పోతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, పోయిన దాన్ని మళ్ళీ తెచ్చుకోలేం.

అందుకని పాత రంగున్న చెక్కను నేను పొడిగా రుద్దను, హీట్ గన్‌తో కాల్చను. పిల్లలు లేని చోట, మాస్కు పెట్టుకుని, నీళ్ళు చల్లుతూ వదులుగా ఉన్న పెచ్చులు మాత్రమే గీకి, ఆ పెచ్చుల్ని కవర్లో మూట కట్టేస్తాను. తడిగుడ్డతో తుడిచి, ఉన్న రంగు ఉన్నట్టే ఉండేలా పైన రెండు కోట్లు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేస్తాను. ఇంట్లో పసిపిల్లలు ఉంటే మాత్రం ఆ చెక్క జోలికే పోవద్దు. రంగు వేయని దూలం ముక్క, మంచం పట్టె తెచ్చుకోండి. పాత చెక్క కావాలంటే అవి చాలు.

అపోహ: గొలుసుతో, సుత్తితో బాదితే పాతదైపోతుంది

బాదితే దెబ్బలు తిన్న కొత్త చెక్క కనిపిస్తుంది. మీ ఊళ్ళో పాత కిరాణా కొట్టు బల్లనో, అమ్మమ్మగారింటి గడపనో ఒకసారి దగ్గరగా చూడండి. అంచులు అరుగుతాయి, మూలలు గుండ్రబడతాయి, చెయ్యి తగిలే చోట రంగు పోతుంది. మధ్యలో రంగు నిక్షేపంగా ఉంటుంది. మీరూ అంతే చేయాలి. ముదురు రంగు ఒక కోటు వేసి ఆరాక, అంచుల మీద, మూలల మీద కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. దాని మీద లేత రంగు వేయండి. ఆరిన తర్వాత మైనం ఉన్న చోట వేలిగోటితో గీకినా రంగు లేచిపోయి కింది రంగు బయటపడుతుంది. పదిహేను రూపాయల కొవ్వొత్తి పది బోర్డులకు వస్తుంది.

రంగు బీటలు వారినట్టు కావాలంటే ఫెవికాల్ పలచగా పూసి, వేలికి జిగురుగా తగిలే దశలోనే పైన ఎమల్షన్ (నీళ్ళతో కలిపే గోడ రంగు) ఒక్క ఊపులో వేయాలి. అక్కడే మళ్ళీ కుంచె తిప్పారా, బీటలు రావు, ముద్ద అవుతుంది.

అపోహ: వెనిగర్, ఇనుప పీచు నీళ్ళు ఏ చెక్కనైనా నల్లబరుస్తాయి

వెనిగర్‌లో అంట్లు తోమే ఇనుప పీచు రెండు రోజులు నానబెట్టి పూయమని అందరూ చెబుతారు. చిట్కా మంచిదే. స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కాకుండా తుప్పు పట్టే రకమే కావాలి. అయితే నల్లరంగు ఆ నీళ్ళలో లేదు. ఇనుము చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తేనే నలుపు పుడుతుంది. తుమ్మ మీద పూస్తే నా కళ్ళ ముందే బూడిద రంగు తిరిగి, టీ తాగి వచ్చేలోపు బొగ్గులా అయిపోయింది. అదే పైన్ మీద పూస్తే ఏదో తుప్పు మరకలా మిగిలింది, ఎందుకంటే దానిలో టానిన్ తక్కువ. దానికి మందు వంటింట్లోనే ఉంది. బాగా చిక్కగా టీ డికాక్షన్ కాచి, పైన్‌కు ముందు అది రెండుసార్లు పట్టించి ఆరబెట్టండి. తర్వాత వెనిగర్ నీళ్ళు పూయండి. కరక్కాయ కషాయం ఇంకా బాగా పనిచేస్తుంది. కలంకారీలో బట్టకు కరక్కాయ పట్టించి, ఇనుప తుప్పు, బెల్లం పులియబెట్టిన నీళ్ళతో నల్లగీత గీసేది ఈ పద్ధతిలోనే.

సీసా మూత మాత్రం బిగించకండి. లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

అపోహ: చాక్ పెయింట్ బయటి నుంచి తెప్పించుకోవాలి

చాక్ పెయింట్ అంటే సుద్దలా మెరుపు లేకుండా ఆరే రంగు. తెప్పించుకోనక్కర్లేదు. మూడు వంతుల తెల్ల ఎమల్షన్‌కు ఒక వంతు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, ముందుగా నీళ్ళలో గడ్డలు లేకుండా కలిపి వేయండి. అరగంటలో గట్టిపడిపోతుంది కాబట్టి ఆ పూటకు కావాల్సినంతే కలుపుకోండి. రంగు కావాలంటే స్టెయినర్ (తెల్ల రంగులో కలిపే చిక్కటి రంగు) రెండు చుక్కలు. అంతే.

అపోహ: చేతిరాత బాగుండాలి, లేదా కటింగ్ మిషన్ ఉండాలి

నా చేతిరాత ఏమంత బాగుండదు. బోర్డు రాయడమంటే చేతిరాత కాదు, బొమ్మ గీయడం. అచ్చు వేసిన అక్షరాన్ని చెక్క మీదకు దింపి, గీత లోపల రంగు నింపడం.

తెలుగులో ఉచితంగా దొరికే ఫాంట్లు ఇప్పుడు బోలెడు ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ధూర్జటి, పెద్దన, రామరాజ, సూరన్న లాంటివి అన్నీ ఉచితమే. కావలసిన సైజులో ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి అతికించుకోండి. ఆ కాగితం వెనక మెత్తటి పెన్సిల్‌తో నింపి, బోర్డు మీద పరిచి, బాల్ పెన్నుతో గీత వెంట నొక్కితే అచ్చు దిగుతుంది. ముదురు రంగు చెక్కకైతే వెనక సుద్దముక్క రుద్దండి. అదే బోర్డు పది సార్లు రాయాలంటే పాత పెయింటర్ల పద్ధతి ఇంకా మేలు. గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, బొగ్గుపొడి పలచటి గుడ్డలో మూట కట్టి, కాగితం మీద అద్దుతూ పోవాలి. కాగితం తీస్తే చుక్కల వరస. పొరపాటు వస్తే దులిపితే పోతుంది.

ఇంగ్లీషు వీడియో చూసి తెలుగు బోర్డు మొదలుపెట్టినవాళ్ళు రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది వరసల మధ్య దూరం. ఇంగ్లీషుకు గీసినట్టు రెండు గీతలు గీసి ‘శ్రీలక్ష్మీ నిలయం’ అని రాయడం మొదలుపెడతారు. క్ష్మీ దగ్గరికి వచ్చేసరికి కింద ఒత్తుకు, పైన గుడికి చోటు ఉండదు, అక్షరం నలిగిపోతుంది. నేను అక్షరం ఒంటికి రెండు వంతులు, పైన గుడికి ఒక వంతు, కింద ఒత్తుకు ఒకటిన్నర వంతు వదిలి నాలుగు గీతలు గీస్తాను.

రెండోది స్టెన్సిల్, అంటే అక్షరం ఆకారం కోసేసి ఆ ఖాళీలోంచి రంగు అద్దే అచ్చు. ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద అక్షరాలు కోస్తే సున్న లోపలి గుండ్రం ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. ‘ర’కూ అంతే, ‘ఠ’కూ అంతే. వాటికి రెండు చోట్ల సన్నటి వంతెనలు వదిలి కోయాలి, రంగు వేశాక ఆ ఖాళీల్ని కుంచెతో పూడ్చాలి. ‘ప’, ‘స’, ‘హ’ మాత్రం చూడండి, తలకట్టు కింది ఒంటిని అంటుకోకుండా విడిగానే ఉంటుంది. మన అక్షరాల్లో కొన్ని స్టెన్సిల్ కోసమే పుట్టినట్టు ఉంటాయి. ఆ తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు ఎంత వదిలారన్న దాని మీదే అక్షరం అందం ఆధారపడి ఉంటుంది. సందు మూసుకుపోతే దూరం నుంచి మచ్చలా కనిపిస్తుంది.

రంగు విషయానికొస్తే, నీటి రంగుల కంటే ఎనామిల్ చిన్న డబ్బా మేలు. గీత కుంచె వెంట జారినట్టు సాఫీగా వస్తుంది. టర్పెంటైన్ రెండు చుక్కలకు మించి వద్దు. చెయ్యి వణికితే కొసకు గుడ్డ చుట్టిన కర్ర ఒకటి ఎడమ చేత్తో బోర్డుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టండి. గోడల మీద సినిమా బొమ్మలు, షాపు బోర్డులు రాసినవాళ్ళలో చాలామంది ఈ కర్రతోనే రాశారు. అక్షరానికి నీడ వేస్తే అన్నిటికీ ఒకే వైపు వేయండి.

అపోహ: ఇంగ్లీషు కొటేషన్ ఉంటేనే వింటేజ్

ఇంగ్లీషులో ‘హోమ్’, ‘కిచెన్’ అని రాసినవి ఎక్కడైనా దొరుకుతాయి. మన ఊళ్ళలో ఒకప్పుడు ఏం బోర్డులు ఉండేవో గుర్తు తెచ్చుకోండి. ‘నేడు నగదు – రేపు అరువు’. ‘చెప్పులు బయట విడువవలెను’. ‘భోజన హోటలు’. రైల్వే స్టేషన్‌లో పసుపు మీద నల్లటి అక్షరాలు. పాత బోర్డుల్లో ‘నిలయం’ అని కాక ‘నిలయము’ అని ఉండేది. ఒక్క ‘ము’ చేరిస్తే బోర్డుకు యాభై ఏళ్ళ వయసు వస్తుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.

భీమవరం నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “అక్కా, మా తాతగారి ఇల్లు పోయింది, ఈ ఫోటో ఒక్కటే మిగిలింది” అంటూ బ్లాక్ అండ్ వైట్ ఫోటో పంపారు. గుమ్మం పైన ‘సీతారామ నిలయము’. అక్షరాలు ఏ ఫాంటులోనూ లేవు. ‘ర’ తలకట్టు కుడివైపు కాస్త ఎక్కువ పొడుగు, ‘ము’ కొమ్ము చివర చిన్న మెలిక. ఆ రాసినాయన అలవాటు అయ్యుంటుంది. ఫోటో పెద్దది చేసి, చదరాలు గీసి, ఒక్కో అక్షరం దించడానికి మూడు సాయంత్రాలు పట్టింది. చెక్క మాత్రం ప్యాకింగ్ పెట్టెదే. తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ చెక్క ఏమిటని అడగలేదు. ఆ మెలిక మీద వేలు పెట్టి, “ఇది కూడా వేశారా” అన్నారు.

అపోహ: నిగనిగలాడే వార్నిష్ కొడితేనే మన్నుతుంది

మన్నడానికి మెరుపుకు సంబంధం లేదు. మ్యాట్ వార్నిష్ రెండు కోట్లు సరిపోతాయి, పైగా లైటు వెలుగు పడి అక్షరాలు కనపడకుండా పోవు. లక్క పెచ్చుల్ని స్పిరిట్‌లో కరిగించిన పాలిష్ లోపలి గోడలకు బాగుంటుంది. నీళ్ళు పడితే తెల్లమచ్చ వస్తుంది కాబట్టి సింకు దగ్గర వద్దు. మేకుల చిల్లులకు అదే చెక్క పొట్టు ఫెవికాల్‌లో కలిపి నింపండి. కొండపల్లి బొమ్మలవాళ్ళు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు (అతుకులు పూడ్చే ముద్ద) చేసుకుంటారు, ఇదీ ఆ కోవలోదే.

అవిసె నూనె వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే, నూనె ఆరుతూ పుట్టే వేడికి అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోగలదు. గుడ్డను ఆరుబయట విప్పి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో వేయండి.

అపోహ: డబుల్ టేపుతో అంటిస్తే గోడ పాడవదు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న పైన్ బోర్డు దాదాపు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు తూగుతుంది. టేపు గట్టిగానే ఉంటుంది, కానీ గోడ మీది డిస్టెంపర్ పొర ఊడి బోర్డుతో పాటు వచ్చేస్తుంది. అది సోఫా పైనో, ఉయ్యాల పైనో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. గోడకు డ్రిల్ వేసి, ప్లగ్గు దింపి, రెండు స్క్రూలు బిగించండి. బోర్డు వెనక రెండు హుక్కులు పై అంచు నుంచి మూడో వంతు దిగువన పెట్టండి. కింది మూలల్లో రెండు రబ్బరు బుడిపెలు అతికిస్తే, వానాకాలంలో గోడ చెమ్మ బోర్డుకు తగలకుండా మధ్యన గాలి ఆడుతుంది.