చెప్పుల క్యూ, ఎనిమిది పైసలు: ఓరుగల్లు లైబ్రరీల వెనక కథ

పొద్దున ఏడున్నరకు మా దగ్గరి గ్రంథాలయం గేటు ముందు చెప్పులు, బ్యాగులు వరసగా ఉంటాయి, మనుషులు మాత్రం ఎదురుగా టీ కొట్టు దగ్గర ఉంటారు. యూరియా కోసం రైతులు చెప్పులు క్యూలో పెట్టినట్టే ఇక్కడ సీటు కోసం పెడతారు. లోపల కుర్చీ కుర్చీకీ ఒక గైడు, ఒక వాటర్ బాటిల్, ఒక టిఫిన్ బాక్స్. మొన్న ఒక పాత నవల కావాలని వెళ్తే, ఆ బీరువా తలుపు తెరవాలంటే ముందు నలుగురు లేవాలి. "అన్నా, రెండు నిమిషాలు, ఈ బిట్లు అయిపోతయి" అన్నాడు ఒకతను. ఆగాను, ఏం చేస్తాం.

దీని మీదే మా దగ్గర ఎప్పుడూ పంచాయితీ. పేపర్ చదవడానికి వచ్చే రిటైరైన సార్లు దీన్ని హాస్టల్ చేశారంటారు, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలేమో ప్రైవేట్ స్టడీ హాలుకు నెలనెలా కట్టే పైసలు ఎక్కడివంటారు. ఇద్దరిదీ న్యాయమే. కానీ "లైబ్రరీ అంటే ప్రశాంతంగా కథల పుస్తకాలు చదువుకునే చోటు" అనే మాట ఒకటి మధ్యలో వస్తుంది చూడండి, అది మాత్రం మన ఊరికి అతకదు. ఇక్కడ లైబ్రరీ పుట్టిందే ఇంకో పని మీద.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు పూనుకుని. మూడేళ్లకే, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషా నిలయం వచ్చింది. తర్వాత 1918లో వరంగల్ మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషా నిలయం. పేర్లు గమనించండి. ఒకటి నన్నయతో భారతం రాయించిన రాజు పేరు, ఇంకోటి నన్నయ బిరుదును గుర్తుచేసే పేరు, కాకతీయుల రాజధానిలో ఉండి కాకతీయుల పేరు మాత్రం పెట్టుకోలేదు (నాకిది ఎప్పుడూ తమాషాగా అనిపిస్తుంది). అప్పటి నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది కూడా సరిగ్గా ఆ 1918లోనే. అలాంటప్పుడు తెలుగు పుస్తకాలు ఒకచోట పెట్టి, దానికి ఆదికవి గుర్తుకొచ్చే పేరు పెట్టడమంటే ఇక్కడ మేమూ ఉన్నామని బోర్డు కట్టడమే.

గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు హుకుం వచ్చాక సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. దాంతో గ్రంథాలయ వార్షికోత్సవాలే జనం కలుసుకునే సాకు అయ్యాయి, ఆ పేరు మీద ఉపన్యాసాలు, చర్చలు, అన్నీ. 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం కూడా ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడాన్ని తన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. అంటే అప్పటి పెద్దమనుషులకు కూడా లైబ్రరీ ఖాళీ పొద్దు గడపడానికి కాదు, అవసరానికి.

ఆ కాలం రుచి తెలియాలంటే రెండు పుస్తకాలు అడగండి. ఒకటి 1934 నాటి గోలకొండ కవుల సంచిక, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను పోగేసి చూపించింది. రెండోది ప్రజల మనిషి. రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మిన మనిషి, నవల చదువుతుంటే ఆ తిరుగుడంతా కనిపిస్తుంది.

తర్వాత చందాలతో నడిచిన పని చట్టంలోకి వచ్చింది. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి ఒక గ్రంథాలయ చట్టం, రాష్ట్రాలు కలిశాక 1960లో ఉమ్మడి చట్టం. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దానికి ఆదాయం ఇంటి పన్ను మీద సెస్సు. ఇప్పుడది రూపాయికి ఎనిమిది పైసలు. మీ ఇంటి పన్ను రెండు వేలైతే అందులో లైబ్రరీకి నూట అరవై మీరు కడుతున్నట్టే, రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని విడిగా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, వసూలు చేసేది మున్సిపాలిటీ, గ్రామ పంచాయతీ. వాళ్లు గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ కావడం దగ్గరే చాలా చోట్ల బాకీలు పేరుకుపోతాయి, అక్కడి నుంచే మిగతావన్నీ: కొత్త పుస్తకాలు రావు, ఫ్యాను పాడైతే నెలలు పడుతుంది.

2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2019లో ములుగు విడిపోయింది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. పేర్ల సంగతి పక్కన పెడితే, సెస్సు లెక్క మారింది. ఒకే జిల్లాగా ఉన్నప్పుడు సిటీ ఇళ్ల మీద వచ్చే సెస్సుకు ఏటూరునాగారం దాకా పోయే దారి ఉండేది. ఇప్పుడు పెద్ద పట్టణం లేని జిల్లాకు ఇంటి పన్నే ఎంత, అందులో ఎనిమిది పైసలు ఎంత? దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, చెప్పుల గురించే మాట్లాడతారు.

చెప్పుల సంగతికొస్తే, 2022 మార్చిలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామని అసెంబ్లీలో ప్రకటన వచ్చాక హాళ్లు నిండిపోయాయి. ఆ అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ పెట్టారు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. చివరికి కొత్త నోటిఫికేషన్ ఇచ్చి 2024 జూన్‌లో పెట్టారు. అంటే ఒక్క ప్రిలిమ్స్ మూడుసార్లు, మధ్యలో ఇంటి నుంచి "ఇంకా ఎన్ని రోజులు బిడ్డా" అనే ఫోన్లు, ఆ టెన్షన్. ఇంతకాలం ఆ పిల్లలను ఫీజు అడక్కుండా ఫ్యాను కింద కూర్చోబెట్టింది ఈ గ్రంథాలయాలే. వాళ్లను పంపించేస్తే లైబ్రరీ బాగుపడుతుందని నేను అనుకోను. పక్కన ఇంకో గది కావాలి, పిల్లల పుస్తకాలకు ఒక మూల కావాలి, నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాల్లో పెట్టే క్విజ్, వ్యాసరచన పోటీలు మిగతా నెలల్లోనూ జరగాలి. ఇవన్నీ ఆ నూట అరవై రూపాయల్లో నుంచి రావాల్సినవే.

మా లైబ్రరీలో కావలసిన పుస్తకాల రిజిస్టర్ ఒకటి ఉంది, పెన్ను దారంతో కట్టి. పోయిన నెల అందులో ప్రజల మనిషి అని రాసొచ్చాను, ఉన్న కాపీ అట్ట ఊడిపోయిందని. వారం తర్వాత చూస్తే నా లైను కింద ఎవరో గుండ్రటి అక్షరాలతో రాశారు: "పాలిటీ, తెలుగు మీడియం, కొత్త ఎడిషన్, రెండు కాపీలు. అర్జెంట్."