కాపలావాళ్ల మధ్యే దాక్కున్న కణం

లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ హాడ్జ్‌కిన్ లింఫోమా. ఆ గడ్డలోంచి ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే, క్యాన్సర్ కణం కోసం కాసేపు వెతుక్కోవాలి. చాలాసార్లు అవి నూటికి ఒకటో రెండో ఉంటాయి. మిగతాదంతా వాటి చుట్టూ మూగిన రోగనిరోధక కణాలే. గుడ్లగూబ కళ్లలా రెండు కేంద్రకాలతో కనిపించే ఆ కణాన్ని 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో డొరోతీ రీడ్ వర్ణించారు. ఇంత కాపలా మధ్య అది ఎలా బతుకుతోందో తెలియడానికి ఆ తర్వాత వందేళ్లు పైనే పట్టింది.

ఈలోగా కీమో చాలామందిని బతికించింది. 1970లలో మిలాన్‌లో బొనడోనా అనే వైద్యుడి బృందం రూపొందించిన, నాలుగు మందులు కలిపి ఇచ్చే ఏబీవీడీ కీమోను ఇప్పటికీ వాడుతున్నారు. చిక్కంతా జబ్బు తిరగబెట్టినవాళ్లతోనూ, మందుకు లొంగనివాళ్లతోనూ. గట్టి కీమో ఇచ్చి వాళ్ల మూలకణాలే తిరిగి ఎక్కిస్తే సుమారు సగం మంది గట్టెక్కేవారు. మిగతావాళ్లకు పెద్దగా దారి ఉండేది కాదు.

2011లో అమెరికాలో బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మందుకు అనుమతి వచ్చింది. ఇది క్యాన్సర్ కణం మీది సీడీ30 అనే ప్రోటీన్‌ను పట్టుకుని, వెంట తెచ్చిన విషాన్ని లోపల వదులుతుంది. ఆ విషానికి మూలం ఒక సముద్రపు నత్తలో దొరికిన పదార్థమట!

కాపలా సంగతి కూడా అప్పటికే తేలుతోంది. క్యాన్సర్ కణాల్లో 9వ క్రోమోజోమ్‌లోని ఒక భాగం అదనంగా ఉండటంతో పీడీ-ఎల్1 ప్రోటీన్ విపరీతంగా తయారై, చుట్టూ కాపలా ఉన్న టీ కణాలనే రోగనిరోధక కణాలను జోకొడుతోంది. ఆ జోల ఆపే నివోలుమాబ్ అనే మందును 23 మందికి ఇస్తే 20 మందిలో గడ్డలు తగ్గాయని 2015లో ప్రకటించారు. పూర్తిగా మాయమైంది మాత్రం నలుగురిలోనే.

ఒకటి కణాన్ని చంపేది, ఒకటి కాపలాను లేపేది. రెండూ కలిపితే? 2018లో వచ్చిన ఫలితాల్లో నూటికి 61 మందికి జబ్బు ఆనవాళ్లు పోయాయి. అయితే వీళ్లు అంతకుముందు ఒక్క విడత చికిత్సే తీసుకున్నవాళ్లు. 2015 నాటి వాళ్లలో చాలామంది మూలకణ మార్పిడి కూడా అయినవాళ్లు. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి మురిసిపోకూడదు. పైగా మేల్కొన్న కాపలా ఒక్కోసారి సొంత ఊపిరితిత్తుల మీదా, థైరాయిడ్ మీదా పడుతుంది. బ్రెంటుక్సిమాబ్‌తో వేళ్లలో తిమ్మిర్లు సరేసరి.

2024లో లెక్క మళ్లీ మారింది. ముదిరిన దశలో మొదటి చికిత్సగానే నివోలుమాబ్‌ను కీమోతో కలిపి ఇస్తే, రెండేళ్లకు నూటికి 92 మందిలో జబ్బు అదుపులోనే ఉంది. బ్రెంటుక్సిమాబ్ కలిపినవాళ్లలో అది 83. అంటే ఇకపై జబ్బు తిరగబెట్టి వచ్చేవాళ్లలో చాలామంది నివోలుమాబ్‌ను మొదట్లోనే వాడేసినవాళ్లై ఉంటారు.