గడగడా చదివితే ఇంగ్లిష్ వచ్చినట్టేనా?

తెలుగు ఇళ్ల పిల్లలు ఇంగ్లిష్ చదవడం గురించి స్టాఫ్ రూమ్‌లో, పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాటలివి.

అపోహ: తడుముకోకుండా చదువుతున్నాడు, ఇక దిగుల్లేదు.

వాస్తవం: అక్షరాలు పలకడం, భాష అర్థం కావడం రెండూ కలిస్తేనే చదవడమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లోనే చెప్పారు. వాళ్ల లెక్కలో ఇది కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. తెలుగు పాఠంలో మాట పలికితే చాలు, అది ఇంట్లో విన్నదే కాబట్టి అర్థం తడుతుంది. ఇంగ్లిష్‌లో చక్కగా పలికాక కూడా అది కొత్త మాటే. పేరా చదివించి, పుస్తకం మూయించి, ఏం జరిగిందో తెలుగులో చెప్పమనండి, సంగతి తేలిపోతుంది. (ఇన్‌స్పెక్షన్ రోజున మనం ముందు లేపేది మాత్రం గడగడా చదివేవాళ్లనే!)

అపోహ: తెలియని మాటలుంటే ఏం, సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు.

వాస్తవం: సందర్భం అర్థం కావడానికీ మాటలే కావాలి కదా. 2000లో హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఇంగ్లిష్ కథలో కొన్ని మాటలు తీసేసి, వాటి స్థానంలో అర్థంలేని మాటలు పెట్టి చదివించారు. నూటికి 80 మాటలే తెలిసేలా ఉన్న ప్రతిని చదివినవాళ్లలో ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు. ఎవరి సాయం లేకుండా చదవాలంటే నూటికి 98 తెలిసుండాలని వాళ్ల అంచనా. అంటే 50 మాటలకు ఒక్కటే కొత్తది. మన తొమ్మిదో తరగతి పాఠం నుంచి వంద మాటలు ఎంచి, తెలియని వాటి కింద గీత గీయమనండి. గీతలు పది దాటితే ఆ పాఠాన్ని 'ఇంట్లో చదువుకు రండి' అనడం అన్యాయం. టీచర్ పక్కనుండి నడిపించాల్సిన పాఠం అది.

అపోహ: తెలుగు చదివితే ఇంగ్లిష్ వెనకబడుతుంది.

వాస్తవం: ఒక భాషలో అలవడిన చదివే నేర్పు రెండో భాషకూ పనికొస్తుందని పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచీ చెబుతున్నారు. ముఖ్య విషయం పట్టుకోవడం, చెప్పనిది గ్రహించడం లాంటివి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. అయితే ఇంగ్లిష్ మరీ తక్కువగా ఉంటే ఆ నేర్పు అక్కరకు రాదు. అందుకే ద్విభాషా పాఠ్యపుస్తకంలో పిల్లలు తెలుగు పేజీ ముందు చూస్తే కోప్పడకండి. చూశాక ఇంగ్లిష్ పేజీకి తప్పకుండా రప్పించండి.

అపోహ: కథల పుస్తకాలు టైమ్‌పాస్, సిలబస్ అయ్యాక చూద్దాం.

వాస్తవం: 1980 ప్రాంతంలో ఫిజీ పల్లె బడుల్లో ఎల్లీ, మంగుభాయ్ అనే పరిశోధకులు నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు 250 ఇంగ్లిష్ కథల పుస్తకాలు అందుబాటులో ఉంచారు. కొన్ని తరగతుల్లో టీచర్ పిల్లలతో కలిసి చదివారు, కొన్నింట్లో పిల్లలు మౌనంగా చదువుకున్నారు. రెండు రకాల తరగతులూ చదివి అర్థం చేసుకోవడంలో మామూలు పాఠాల తరగతులను దాటిపోయాయి. మన బీరువాలో ఉన్న పుస్తకాలు తరగతికి తేవడానికి సర్క్యులర్ అక్కర్లేదు. తొమ్మిదో తరగతివాళ్లకు మూడో తరగతి స్థాయి కథలిచ్చినా నామోషీ పడకండి.