గోడ మీద బొమ్మలు వేసే ఆడవాళ్ల గురించి: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా హైదరాబాద్ గోడల మీద బొమ్మలు వేస్తున్నాను. పెళ్లిలో కలిసినా, ఆటోలో కలిసినా జనం నన్ను అడిగే ప్రశ్నలు ఏడెనిమిదే. ఆ మధ్య బ్యాంకులో 'వృత్తి' అన్న గడిలో ఏం నింపాలో కౌంటర్‌లోని అమ్మాయికి తోచలేదు. రెండుసార్లు నన్నే అడిగి, చివరికి 'గృహిణి' అని నొక్కేసింది. ఆ ఏడెనిమిది ప్రశ్నలకు ఒకేచోట జవాబు రాసి పెట్టుకుంటే పోతుందనిపించింది.

అపోహ: రాత్రిపూట దొంగచాటుగా వేస్తారు, పోలీసులొస్తే పారిపోతారు

ఈ ఊహ ఎక్కువగా న్యూయార్క్ నుంచి వచ్చింది. అక్కడ లేడీ పింక్ అనే కళాకారిణి 1979లో, పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టి మెట్రో రైలు పెట్టెల మీద బొమ్మలు వేసింది. ఆమె కథంటే నాకూ ఇష్టమే. కానీ నా బ్యాగులో రంగుల కంటే ముందు ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. ఫ్లైఓవర్ స్తంభమైతే జీహెచ్‌ఎంసీ అనుమతి. బహిరంగ స్థలాలను పాడుచేయకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అనుమతి లేకుండా వేస్తే నా బొమ్మకూ, గోడకు అంటించిన కోచింగ్ సెంటర్ పోస్టర్‌కూ చట్టం దృష్టిలో తేడా ఉండదు.

కొన్నిసార్లు రాత్రిపూట వేసే మాట నిజమే, కారణం మాత్రం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడ సాయంత్రం ఆరింటికి కూడా చెయ్యి పెట్టనివ్వదు. అంత వేడి గోడ మీద బ్రష్ ఇలా లాగేలోపే రంగు ఆరిపోతుంది. రెండు రంగులను ఒకదాంట్లో ఒకటి కలిపే వ్యవధి ఉండదు.

అపోహ: బొమ్మలు వేయడం వస్తే చాలు, గోడ ఏదైనా ఒకటే

నా పనిలో సగం గోడను చూడటమే. మొదటి రెండేళ్లు ఈ సంగతి నాకూ తెలియదు. తెలిసొచ్చింది బోరబండ వైపు ఒక బస్తీలో. మల్లెపూలు కడుతున్న ముసలమ్మ చేతులు, పన్నెండడుగుల ఎత్తున వేశాను. అందరికీ తెగ నచ్చింది. వానాకాలం వెళ్లేసరికి ఆ వేళ్ల మీద తెల్లటి పొడి తేలింది. గోరుతో గీకితే ఉప్పులా రాలుతోంది. ఎదురింటి అవ్వ తాపీగా చూసి, "ఏం బిడ్డా, పూలు కట్టెడామె పాన్ గిట్ల కట్టిందా, చేతికి సున్నం అంటింది" అంది.

అది నిజంగా ఉప్పే. గోడకు అవతల బాత్‌రూం ఉంది. పైపు లీకై నీళ్లు ఇటుకల్లోకి దిగుతున్నాయి. ఆ నీళ్లు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను కరిగించి బయటికి తెస్తాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు రంగును పొంగించి పైకి తేలుతుంది. దీనికి ఖరీదైన రంగు మందు కాదు. ముందు పైపు బాగుచేయించాలి, గోడ పూర్తిగా ఆరాలి, ఊడిన పొర గీకేయాలి, అప్పుడు ప్రైమర్. ఆ ముసలమ్మ వేళ్లు మళ్లీ వేయడానికి నాలుగు నెలలు ఆగాను.

అప్పటినుంచి గోడ ఒప్పుకునే ముందు చెయ్యి ఆనించి చూస్తాను, తట్టి వింటాను. డొల్ల మోత వస్తే లోపల ప్లాస్టర్ వదిలేసినట్టే. గోడకు అవతల ఏముందో అడుగుతాను. కొత్త ప్లాస్టర్ అయితే 28 రోజులు ఆగాల్సిందే. పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ, పైన వేసిన రంగును తినేస్తుంది. లప్పం (పుట్టీ) కూడా అంతే. లోపలి గోడలకు వాడేది బయట పెడితే రెండు వానలకు పెచ్చులూడుతుంది. ఇదంతా ఏ ఆర్ట్ కాలేజీ నేర్పలేదు, అడ్డా మీద దొరికే పెయింటర్ అన్నలు నేర్పారు. వాళ్లలో కొందరు ఒకప్పుడు సినిమా హోర్డింగులు చేత్తో వేసినవాళ్లు. ఫ్లెక్సీలు వచ్చి వాళ్ల పని పోయింది.

అపోహ: స్ప్రే డబ్బాలతోనే వేస్తారు

స్ప్రే డబ్బా ఖరీదెక్కువ, పెద్ద గోడకు గిట్టుబాటు కాదు. నేను వాడేది ఇళ్లకు వేసే ఎక్స్‌టీరియర్ ఎమల్షనే, స్టెయినర్లు (రంగు మార్చే గాఢమైన ద్రవాలు) కలిపి. లీటరు రంగు రెండు పూతలకు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. అంటే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల ఎత్తు గోడకు బొమ్మ కింద వేసే అడుగు రంగుకే పది పన్నెండు లీటర్లు. "రెండు డబ్బాల పనికి ఇంత అడుగుతారేంటి మేడమ్" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అపోహ: ప్రొజెక్టర్ పెట్టి గీత మీద గీత గీస్తారు

ప్రొజెక్టర్ పెట్టాలంటే ఎదురుగా ఖాళీ ఉండాలి, చీకటి ఉండాలి. మా బస్తీ సందుల్లో రెండు బైకులు ఎదురైతేనే ఒకటి వెనక్కి వెళ్లాలి, ఇక ప్రొజెక్టర్‌కు చోటెక్కడిది! నేను చుక్కలు పెడతాను. మా అమ్మ 15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క పెట్టి వాకిలి నింపేది. నేను నిలువు గోడ మీద సుద్దతో అదే చేస్తాను. కాగితం మీది బొమ్మకూ అన్నే చుక్కలు. ఇక ఏ చుక్క దగ్గర కన్ను మొదలవుతుందో, ఎన్నో చుక్క దగ్గర చెంప మలుపు తిరుగుతుందో లెక్కపెట్టుకోవడమే. జూలా (తాళ్లకు వేలాడే పలక) మీద గోడకు ముక్కు ఆనించి నిలబడ్డప్పుడు బొమ్మ కనిపించదు, చుక్కలే దారి. ఒక వరుస తప్పితే ముఖానికి పక్షవాతం వచ్చినట్టుంటుంది. నాకు ఒకసారి అలాగే అయింది, ఫొటోలు చూపించను.

అపోహ: అంత ఎత్తు ఆడవాళ్ల వల్ల కాదు

ఢిల్లీ ఐటీఓ దగ్గర అప్పటి పోలీసు ప్రధాన కార్యాలయం మీద 2014లో వేసిన భారీ గాంధీ బొమ్మ గుర్తుందా? జర్మన్ కళాకారుడు హెండ్రిక్ బైకిర్ష్‌తో కలిసి దాన్ని వేసింది అన్పు వర్కీ. ఆడమనిషే. ఎత్తుకు బెల్టు ఉంది, తాడు ఉంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

అలవాటు కానిది కింద ఉంది. బాత్‌రూం. పొద్దున ఏడింటికి పరంజా ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగడానికి ఉండదు. దిగినా వెళ్లడానికి చోటు ఉండదు. దాంతో నీళ్లు తాగడం తగ్గిస్తాం, ఎండాకాలంలో. నాకు ఒకే ఏడాది రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇప్పుడు గోడ ఖాయం చేసుకునేటప్పుడే "మీ వాష్‌రూం వాడుకోవచ్చా" అని అడుగుతాను. ఒక పెద్ద ఆఫీసువాళ్లు, స్త్రీశక్తి మీద బొమ్మ వేయించుకుంటూ, వాష్‌రూం స్టాఫ్‌కు మాత్రమే అన్నారు. పక్కనున్న టైలర్ షాపు అక్క తాళం చెవి ఇచ్చింది.

ఆ ఆఫీసువాళ్లు అడిగిన బొమ్మ ఏమిటో చెప్పక్కర్లేదు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, దూరంగా ఎటో చూస్తున్న ఆడమనిషి ముఖం. ఈ ఊళ్లో అలాంటి ముఖాలు నేనే ఎన్ని వేశానో! ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తున్న ఆడదాన్ని వేద్దామంటే ఇప్పటికి ఇద్దరే ఒప్పుకున్నారు.

అపోహ: దేవుడి బొమ్మ వేస్తే గోడ దగ్గర ఎవరూ మూత్రం పోయరు

పక్క గోడ దగ్గర పోస్తారు.

అపోహ: వీధిలో ఉంది కాబట్టి అందరిదీ

చూడటానికి అందరిదీ. హైదరాబాద్‌లోని ఎంఎస్ మక్తా బస్తీకి వెళ్లి, 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే వీధి కళ సంస్థ ఆధ్వర్యంలో కళాకారులు బొమ్మలు వేసిన ఆ గల్లీల్లో ఎన్ని సెల్ఫీలైనా దిగండి. సినిమా షాట్‌లో వెనకాల కనిపించినా చట్టం ఒప్పుకుంటుంది. కానీ మీ బ్రాండ్ ప్రకటనలో వాడుకోవాలంటే వేసినవాళ్లను అడగాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం గోడ బొమ్మకూ వర్తిస్తుంది. ముంబైలో ఒక గోడ బొమ్మను ఇన్సూరెన్స్ కంపెనీ తన ప్రచారానికి వాడుకుంటే 2023లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆన్‌లైన్ పోస్టులు తీసేయమంది. అంతకుముందు 2005లో, ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడ మీద తాను చేసిన శిల్పాన్ని పీకేసినందుకు అమర్‌నాథ్ సెహగల్‌కు అదే కోర్టు 5 లక్షల రూపాయల పరిహారం, మిగిలిన ముక్కలు ఇప్పించింది. పెళ్లికి ఇంటికి వెల్ల వేసినట్టు మన బొమ్మల మీద సున్నం కొట్టేవాళ్లకు ఈ తీర్పు జిరాక్స్ ఇవ్వాలని నాకు చాలాసార్లు అనిపించింది.

అపోహ: ఒకసారి వేస్తే శాశ్వతం

మన ఎండకు మెరిసే గులాబీలు, పసుపులు ముందు వెలిసిపోతాయి. గేరు (జాజు), మట్టి రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. మిగతాది ఓనర్ చేతిలో ఉంటుంది. పోయిన నెల ఒకాయన ఫోన్ చేశారు. "మేడమ్, మీరు బొమ్మేసిన ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుతున్నం. ఆమె కొప్పు ఇంకొంచెం పైకి పెంచుతరా?"

పెంచుతానన్నాను. ప్లాస్టరింగ్ అయ్యాక 28 రోజులు ఆగి ఫోన్ చేయమన్నాను. పదో రోజే చేశారు.