డ్రిల్ బ్యాటరీలతో కట్టిన సైకిల్‌కి చార్జింగ్: అపోహలు - వాస్తవాలు

"అన్నయ్యా, 42 వోల్టుల చార్జర్ ఒకటుంటే ఇవ్వు."

నా షాపుకొచ్చి ఈ మాట అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. శ్రీకాకుళంలో పవర్ టూల్స్, ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీలు బాగుచెయ్యడం నా పని. వచ్చేవాళ్లు వడ్రంగులు, ఫాల్స్ సీలింగ్ పనివాళ్లు, టెక్కలి వైపు గ్రానైట్ పనులకెళ్లే కుర్రాళ్లు. చేతిలో ఎలాగూ డ్రిల్ మిషన్ ప్యాక్‌లుంటాయి. రెంటిని సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపి, సైకిల్‌కి హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండే మోటార్) కిట్ బిగించి పనికి వెళ్లిపోతున్నారు. పెట్రోల్ డబ్బులు మిగుల్తాయి. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. భయమంతా ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టే దగ్గరే.

అపోహ: "లోపల బోర్డు ఉన్నాది కదా, ఏటవుద్ది?"

అందరికంటే ఎక్కువమందిని ముంచుతున్నది ఈ మాటే. 18 వోల్టుల ప్యాక్ అంటే సిరీస్‌లో 5 సెల్స్. నిండితే సెల్‌కి 4.2 చొప్పున 21 వోల్టులు. రెండు కలిపితే 10 సెల్స్, 42 వోల్టులు. బజారులో దొరికే 36 వోల్టుల లిథియం సైకిల్ బ్యాటరీ కూడా 10 సెల్సే, దాని చార్జరూ 42 వోల్టులే. లెక్క సరిపోయింది కాబట్టి ఆ చార్జర్ తెచ్చి రెండు చివర్లకీ తగిలించేస్తున్నారు.

సైకిల్ బ్యాటరీలో ఉండే బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే బోర్డు, ఒక్కో సెల్‌నీ విడిగా చూస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటినా తనే చార్జింగ్ కట్ చేస్తుంది. టూల్ ప్యాక్ అలా కాదు. చాలా బ్రాండ్లలో ప్యాక్ బోర్డు సెల్స్‌ని, వేడిని గమనిస్తుంది, అంతే. చార్జింగ్ ఆపాల్సింది దాని సొంత చార్జర్, ఖాళీ అయినప్పుడు ఆపాల్సింది మిషన్. ప్లస్, మైనస్ కాకుండా పక్కన చిన్న చిన్న పిన్నులుంటాయి చూడండి, అవి ఆ సమాచారం అందించడానికే. మీరు ప్లస్, మైనస్‌కి మాత్రమే వైర్లు బిగించారంటే, లోపల సెల్ ఉడికిపోతున్నా బయటి చార్జర్‌కి తెలియదు. దానికి కనిపించేది మొత్తం 42 ఒక్కటే. అందులో ఏ ప్యాక్ వాటా ఎంతో అది చూడలేదు.

చీపురుపల్లి వైపు నుంచి ఒక వడ్రంగి మావయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, జాగ్రత్తపరుడు. పగలు ఒక ప్యాక్ తీసి డ్రిల్‌కి వాడుకుని, సాయంత్రం మళ్లీ సైకిల్‌కి రెండూ కలిపి, రాత్రి 42 వోల్టుల చార్జర్ పెట్టేవాడు. నాలుగు నెలలు బాగానే నడిచింది. "తీపి వాసనేదో వస్తోంది బాబూ" అని ప్యాక్‌లు తీసుకొచ్చాడు. ఆ వాసన సెల్ లోపలి ఎలక్ట్రోలైట్ బయటికొస్తున్నప్పటిది. మీటర్ పెట్టి చూశాను. రెండూ కలిపి సరిగ్గా 42. విడిగా చూస్తే ఒకటి 20.1, రెండోది 21.9. ఆ రెండో ప్యాక్‌లో ఒక సెల్ 4.47 దగ్గర ఉంది. చార్జర్ మీద మాత్రం రోజూ పచ్చ లైటే.

పగలు డ్రిల్‌కి వాడిన ప్యాక్ సగం ఖాళీ, రెండోది నిండుగా ఉంది. సిరీస్‌లో రెంటికీ ఒకే కరెంటు వెళ్తుంది కాబట్టి, నిండిన దాంట్లోకి ఇంకా ఎక్కించినట్టే అయింది. 4.2 దాటి తోసిన ప్రతిసారీ సెల్ లోపల లిథియం పేరుకుంటుంది, వేడి పెరుగుతుంది, ఒకరోజు లోపలే షార్ట్ అవుతుంది. ఆ ప్యాక్‌లు మంచం పక్కనే చార్జింగ్ పెట్టేవాడినని మావయ్య చెప్తుంటే నాకు చేతులు చల్లబడిపోయాయి.

కాబట్టి సైకిల్ మీంచి ప్యాక్‌లు విప్పి, దేనికది, దాని సొంత చార్జర్‌లోనే పెట్టండి. రెండూ నిండాక మీటర్‌తో చూసి, తేడా 0.1 వోల్టు లోపుంటేనే మళ్లీ కలపండి. మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. రోజూ విప్పడం విసుగనిపిస్తే డ్రిల్ ప్యాక్‌ల సంగతి వదిలేసి, ఒకే బ్యాచ్ కొత్త సెల్స్‌తో 10 సెల్స్ బీఎంఎస్ ఉన్న ప్యాక్ కట్టించుకోండి. దానికి 42 చార్జర్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఈ రెండూ కాకుండా మూడో దారి చూపించమని బతిమాలేవాళ్లు ఉన్నారు. అలాంటిది నా దగ్గర లేదు.

"కంపెనీ చార్జర్ పాడైంది, లైటు మినుకుమంటోంది, అందుకే సైకిల్ చార్జర్ పెట్టా" అనేవాళ్లు చాలామంది. చాలాసార్లు ఆ చార్జర్ బాగానే ఉంటుంది. ప్యాక్ వేడిగా ఉందని, చల్లారేదాకా ఆగుతోంది. మే నెలలో నరసన్నపేట నుంచి ఎండలో తొక్కుకొచ్చి, రేకుల షెడ్డులో వెంటనే పెడితే ఏ చార్జరైనా ఆగాల్సిందే. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చెయ్యకూడదు. నీడలో ఒక గంట ఉంచి పెట్టండి, అదే ఎక్కుతుంది.

అపోహ: "వోల్టులు రాసుంటాయి కదా, అది చూసి చార్జర్ కొంటే చాలు."

ఊరూపేరూ లేని డ్రిల్ ప్యాక్‌ల మీద 48వీఎఫ్, 88వీఎఫ్ అని రాసి అమ్ముతున్నారు. విప్పి చూస్తే మామూలుగా అవే 5 సెల్స్, అదే 21 వోల్టులు. ఆమదాలవలస నుంచి ఒక తమ్ముడు 48 అని నమ్మి 48 వోల్టుల లిథియం సైకిల్ చార్జర్ కొన్నాడు. దాన్నుంచి వచ్చేది 54.6. తగిలించే ముందు ఎందుకో అనుమానమొచ్చి నాకు ఫోన్ చేశాడు. అడగడానికి మొహమాటపడ్డాడు పాపం. ఆ ఒక్క ఫోన్ వల్లే వాళ్లింట్లో ఏమీ కాలేదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీల చార్జర్ అసలు దగ్గరికే తేవద్దు. పాత ఈ-స్కూటర్ 36 వోల్టుల చార్జర్ 44 దాకా ఇస్తుంది, అంటే సెల్‌కి 4.4. మూడు ప్యాక్‌లు కలిపినవాళ్లది 63 వోల్టుల లెక్క. 60 వోల్టుల లిథియం చార్జర్ ఇచ్చేది 67.2. ఇదీ ప్రమాదమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మొదటిసారి 12 గంటలు చార్జింగ్ పెట్టాలన్నది తప్పు, నిండగానే తీసెయ్యండి. పూర్తిగా ఖాళీ చేసి పెడితే ఆయుష్షు పెరుగుతుందనేది పాత నికెల్ క్యాడ్మియం బ్యాటరీల మాట, లిథియంకి అది చేటు. రోజూ 100 శాతం అక్కర్లేదు, 80 దగ్గర తీసేస్తే సెల్స్ ఎక్కువ కాలం ఉంటాయి. సైకిల్‌కి కలిపే ప్యాక్‌లు మాత్రం ముందు చెప్పినట్టు రెండూ నిండాకే చూసి కలపండి.

చచ్చిన ప్యాక్‌కి వేరే ప్యాక్ నుంచి వైర్లు తాకించి లేపడం ఒక వీడియోలో చూసి అందరూ చేస్తున్నారు. దయచేసి చెయ్యకండి. 12.5 వోల్టుల కంటే కిందికి, అంటే సెల్‌కి 2.5 కంటే తక్కువకి పడిపోయి రోజులు గడిచిన ప్యాక్‌లో లోపలి రాగి కరిగి, చార్జింగ్ పెట్టాక షార్ట్ అవ్వచ్చు. సైకిల్ కంట్రోలర్ (మోటార్‌ని నడిపే పెట్టె) కూడా మొత్తం వోల్టేజే చూసి ఆపుతుంది కాబట్టి, బలహీనమైన ప్యాక్ ఈ స్థితికి త్వరగా చేరుతుంది. అందుకే సైకిల్ దిగాక కూడా రెండూ విడివిడిగా చూడమంటాను. తుపానులో మునిగిన ప్యాక్ పైకి ఎంత ఆరినట్టు కనిపించినా అంతే, చార్జింగ్ పెట్టొద్దు. 2018లో తిత్లీ వెళ్లాక పలాస వైపు నుంచి వచ్చిన ప్యాక్‌లు కొన్ని విప్పితే లోపల పట్టీలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

మంటలు రేగితే నీళ్లు పొయ్యకూడదన్నది కూడా నిజం కాదు. ఈ సెల్స్‌లో ఉండేది లోహపు లిథియం ముద్ద కాదు, వీటిని చల్లార్చేది ఎక్కువ నీళ్లే. కానీ ఇంట్లో అంటుకుంటే మీరు ఆర్పడానికి నిలబడకండి. ఆ పొగ విషం. పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి 101కి ఫోన్ చెయ్యండి. బయటికొచ్చే దారి ఖాళీగా ఉండాలనే గుమ్మం దగ్గర, మెట్ల కింద, గ్యాస్ సిలిండర్ పక్కన చార్జింగ్ వద్దంటాను. సిమెంటు నేల మీద, మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి.

మొన్నొక అమ్మ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. కొడుకు సైకిల్ బ్యాటరీ వేడెక్కిందని, ఇల్లు పేలిపోద్దని ఎవరో చెప్పారని ఏడుపు. చెయ్యి పెట్టి ఉంచగలుగుతున్నారా అని అడిగాను. ఉంచగలుగుతున్నానంది. గోరువెచ్చగా ఉండటం మామూలే అమ్మా, ప్లగ్ తీసి వరండాలో పెట్టి పడుకోండి అన్నాను. పొద్దున్న ఆ అబ్బాయి ప్యాక్‌లు తెచ్చాడు, రెండూ బాగానే ఉన్నాయి. భయపడి అడిగేవాళ్లంటే నాకు ఎప్పుడూ ఇష్టమే, వేళ గాని వేళైనా సరే.

ఇంకో మాట. ఉబ్బిన ప్యాక్, వాసనొచ్చే ప్యాక్ సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కి నా దగ్గరికి రావద్దు. పెరట్లో, అంటుకునేవేవీ లేనిచోట పెట్టి ఫోటో పంపండి. ఏం చెయ్యాలో అక్కడి నుంచే చెప్తాను.