ఘాట్ దిగుతూ న్యూట్రల్: మైలేజీ మీద అపోహలు - వాస్తవాలు

మైలేజీ గురించి మా షెడ్డుకొచ్చేవాళ్లు చెప్పే మాటల్లో సగం పుకార్లే. చాలావాటి వల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేదు గానీ, ఒక్క మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది: "దిగుడులో న్యూట్రల్ వేసేస్తే బండి చుక్క పెట్రోలు తాగదు కదా మేస్త్రీ?"

తాగుతుంది బాబూ. గేర్‌లో ఉంటేనే తాగదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేస్తే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లని మూసేస్తుంది. ఇంజన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) ఐడ్లింగ్ దగ్గరికి, అంటే బండి ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడుండే వేగానికి, పడేదాకా అంతే. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు కాల్చుకోక తప్పదు. అప్పటికప్పుడు మైలేజీ చూపించే కారుంటే ఏ ఫ్లైఓవరో దిగుతూ గేర్‌లోనే కాలు తీసి చూడండి, అంకె చివరికంటా పోతుంది. ఈ న్యూట్రల్ మాట కార్బురేటర్ రోజుల్లోది. చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో బండి కాస్త ఎక్కువ దూరం జారే మాట నిజమే, కానీ ఘాట్‌లో ఎలాగూ బ్రేకు తొక్కాల్సిందే కదా, అక్కడ మిగిలేదేమిటి?

పోయేది మాత్రం చాలా ఉంది. న్యూట్రల్‌లో ఇంజన్ బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. చలికాలంలో ఎస్.కోట మీదుగా అరకు వెళ్లొచ్చిన బళ్లు కొన్ని నేరుగా మా దగ్గరికే వస్తాయి. చక్రం విప్పితే బ్రేకు డిస్కు నీలంగా కమిలిపోయి, ప్యాడ్లు గాజులా మెరుస్తూ ఉంటాయి. ఒకసారి ఒకాయన కొండ కిందికి వచ్చి ఫోన్ చేశారు, వెనక పిల్లల ఏడుపు వినిపిస్తోంది, "బ్రేకు లోపలికి పోతోంది గానీ బండి ఆగడం లేదండీ, ఏటి చెయ్యమంటారు?" అని. వాళ్ల బావగారు పక్కన కూర్చుని దారంతా న్యూట్రల్ వేయించారట. పాపం, ఆయన్ని ఏమని తిడతాం? చక్రాల మీద నీళ్లు పొయ్యొద్దు, పక్కకి ఆపి చల్లారనివ్వండి, నేనొచ్చేదాకా కదపొద్దు అన్నాను. డిస్కులు, ప్యాడ్లు, ఫ్లూయిడ్ మూడూ మార్చాక వచ్చిన బిల్లుతో ఆ కారుకి చాన్నాళ్లు పెట్రోలు కొట్టించొచ్చు.

కొండ ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ దాదాపు అదే గేరు. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ పెట్టండి. ఇంజన్ ఆపేసి దిగే మహానుభావులూ ఉన్నారు, వాళ్లకి బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టరూ పవర్ స్టీరింగూ పనిచెయ్యకపోతే తెలిసొస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పొద్దున్నే కొట్టిస్తే పెట్రోలు ఎక్కువ వస్తుందనేది ఉత్తమాట, ట్యాంకులు భూమిలో ఉంటాయి, వేడి అంతగా మారదు. మామూలు పెట్రోలుకి తయారైన ఇంజన్‌లో ప్రీమియం పోస్తే మైలేజీ పెరిగిపోదు. పొద్దున్నే పది నిమిషాలు వేడెక్కించడం దండగ, స్టార్ట్ చేసి నెమ్మదిగా బయల్దేరండి. రైల్వే గేటు పడితే ఇంజన్ ఆపండి. హైవే మీద ఎనభై నుంచి వందకి వెళితే గాలి అడ్డం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, తొందరగా చేరామన్న సరదాకి అది ఖరీదు. ముందు స్పీడ్ బ్రేకర్ కనబడుతుంటే అక్కడిదాకా తొక్కి బ్రేకు కొట్టకుండా దూరంనుంచే కాలు తీసెయ్యండి. టైర్లలో గాలి తక్కువైనా పెట్రోలు ఎక్కువే పోతుంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి.